సున్నాల లిపి గురునాథరావు

మా పెదనాన్న గురునాథరావు చేత ఇంట్లో ఒక్క తెలుగు అక్షరం రాయించడం ఎవరి తరమూ కాదు. పోర్టులో గుమాస్తా. ఆఫీసులో ఇంగ్లీషు, గడప లోపల దేవదూతల లిపి.

డెబ్బై ఎనిమిదిలో ఓ ఓడ వంటవాడు ఆయనకో పాత పుస్తకం ఇచ్చాడు. దేవదూతలతో మాట్లాడటానికి యూరప్ మాంత్రికులు పూర్వం హీబ్రూ అక్షరాల కొనలకు సున్నాలు తగిలించి చేసుకున్న లిపి అది. ఉన్నవి ఇరవైరెండే. మన భాషకు చాలక, మిగతావి మరిన్ని సున్నాలతో పెదనాన్నే పుట్టించాడు.

ఉప్పు డబ్బా మీద సున్నాలు. పంచదార డబ్బా మీదా సున్నాలే. ఏడో తరగతితో బడి మానేసి వాళ్లింటికొచ్చిన నేను మొదటిరోజే పాయసంలో ఉప్పు పోశాను.

"రాసుంది కదే!" అన్నాడాయన, నా తప్పయినట్టు.

"ఎక్కడ పెదనాన్నా?"

"కుడి నుంచి సదవాలి!"



ఓ ఆదివారం ఇంటి ఓనరు నారాయణమ్మ సున్నాల కాగితం పట్టుకుని ఊడిపడింది. గాలికి ఎగిరి ఆవిడ పాకలో పడిందట. అక్కడి గేదె మూడు రోజులుగా పాలివ్వడం లేదు.

"ఏటిది? నా గేదికి సిల్లంగి పెట్టినావా?"

"దేవదూతల అక్షరాలండీ..."

"దూతలో, దెయ్యాలో! సాయంత్రానికి ఇల్లు కాళీ సేసీండి!"

చేతబడి చేస్తారన్న పేరు పడ్డాక మాకు ఇంకో ఇల్లెవరిస్తారు?

అప్పుడు పెద్దమ్మ కాసులమ్మ తడిచేయి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. బస్సు నంబరు కూడా మమ్మల్నే అడిగే మనిషి. రేషన్ షాపులో వేలిముద్ర వేసే మనిషి.

"కందిపప్పు అరకిలో," అని గడగడా చదివేసింది. "సింతపండు పావుకిలో. నారాయణమ్మగారి గేది పాలు తగ్గించీసింది, పత్తిగింజలు రెండు కిలోలు."

నేను గోడకు అంటుకుపోయాను. నారాయణమ్మ నోరు తెరిచింది, మూయలేదు.

"మళ్లీ సదువు!"

మళ్లీ అదే చదివింది.

"పెద్దమ్మకి చదువొచ్చా?" అన్నాను.

పెదనాన్న తల గోక్కున్నాడు. "తెలుగులో అందరికన్నా ఎనకబడిపోనానని పలక ముట్టేది కాదే. ఇదైతే ఊళ్లో ఎవడికీ రాదు గదా. ఇద్దరం ఒక్కరోజే మొదలెట్టినాం. నాకంటే ముందు తనకే వచ్చీసింది."

నారాయణమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "నా పేరెక్కడుంది కాసులమ్మా?"

"ఇదిగో."

"ఇన్ని సున్నాలేటి నా పేరుకి?"

చెప్పబోయాడు పెదనాన్న.

"మీరూరుకోండి. నాను సెప్తన్నాను గదా!" అని పెద్దమ్మ ఆవిడ చేతిలో సుద్దముక్క పెట్టింది.