బొంబాయిలో ఎక్కనివ్వని విమానం

1982, మే నెల. గుంటూరు అరండల్‌పేటలో ఒక్క గదిలో నడిచే ట్రావెల్ ఏజెన్సీ నాది. గల్ఫ్‌కు వెళ్లే మేస్త్రీలు, డ్రైవర్లు, నర్సులు నా దగ్గరికి వచ్చేవాళ్లు. అప్పటికి ఒక్కసారి కూడా విమానం ఎక్కకపోయినా, వాటి గురించి అడిగినవాడికీ అడగనివాడికీ ఉపన్యాసాలు దంచేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే దర్శి దగ్గరి పల్లె నుంచి ఖాసిం పీరా గారనే మిరప రైతు, కోడలు మీరాబిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కొడుకు మస్తాన్ దుబాయిలో భవనం పనిచేస్తూ పైనుంచి పడ్డాడు. పరిస్థితి విషమంగా ఉందనీ, భార్యను వెంటనే పంపమనీ అక్కడి కంపెనీ టెలిగ్రాం ఇచ్చింది. వీసా ఏర్పాటూ వాళ్లే చేశారు. ఆ అమ్మాయికి పాస్‌పోర్టు ఉంది. ఇక కావలసిందల్లా ఒక్క సీటు.

బొంబాయి ఏజెంటుకు టెలెక్స్ కొట్టాను. టెలెక్స్ అంటే ఇక్కడ టైపు చేస్తే అక్కడ అచ్చయ్యే తంతి యంత్రం. మన విమానాలూ, గల్ఫ్ విమానాలూ అన్నీ నిండిపోయాయని జవాబొచ్చింది. కొలంబోలో బయల్దేరి, ఇంధనం కోసం బొంబాయిలో ఆగి దుబాయి వెళ్లే విదేశీ విమానం ఒకటుందట. దాంట్లో సీట్లు బోలెడు ఖాళీ. కానీ బొంబాయిలో ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

"ఖాళీలుండి ఎక్కనియ్యకపోవటం ఏందండీ? అక్కడ మనిషి చచ్చిపోతంటే!" అని పీరా గారు బల్ల మీద గుద్దాడు.

నేను నా ఉపన్యాసం అందుకున్నాను. రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో దేశాలన్నీ కూర్చుని, ఎవరి నేల మీది ఆకాశం వాళ్లదేనని ఒప్పుకున్నాయి. పరాయి విమానం మన నేల మీద ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే మన ప్రభుత్వం హక్కు ఇవ్వాలి. వాటినే ట్రాఫిక్ రైట్స్ అంటారు. తలుపులు బార్లా తెరిస్తే పెద్ద దేశాల కంపెనీలు జనాన్నంతా ఎగరేసుకుపోతాయి, మన విమానాలు ఎదగవు. అందుకే మన సర్కారు ఆ హక్కుల్ని ఆచితూచి ఇస్తుంది.

"మీ మిర్చి యార్డులో లైసెన్సు లేనివాడు సరుకు కొనగలడా? ఇదీ అంతే" అని ముగించాను. ఆ పోలిక నాకే ముచ్చటేసింది. పీరా గారు మాత్రం నా వంక కోపంగా చూశాడు.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న మీరాబి అడిగింది. "ఆ విమానం బయల్దేరేది ఏ ఊరన్నారండీ?"

"కొలంబో."

"అయితే అక్కడే ఎక్కుతాను. నన్ను అక్కడికి పంపండి."

"పడమటికి పోవాల్సిన పిల్లవి లంకకు పోతావా?" పీరా గారు లేచి నిలబడ్డాడు. "గుంటూరు దాటి ఎరగవు. అక్కడ నిన్ను ఆపేస్తే ఎవురున్నారే?"

"ఆపినప్పుడు చూసుకుందాం మామా. ఆయన అక్కడ ఒక్కడే ఉన్నాడు. నేను పోతా."

టికెట్ కొలంబోలో మొదలైతే రూలు అడ్డురాదు. కానీ అక్కడ విమానం అందకపోతే? పరాయి దేశంలో ఒంటరి ఆడపిల్ల, అవతల చావుబతుకుల్లో భర్త. నాకు భయమేసింది. అయినా మద్రాసు ఏజెంటుకు ఎక్స్ఛేంజీ ద్వారా ట్రంక్ కాల్ బుక్ చేశాను. లైను కలిసి, సగం మాటలో తెగిపోయింది. మళ్లీ కలిపించుకుని గొంతు చించుకుని అరిచాను. సాయంత్రానికి మద్రాసు నుంచి కొలంబోకు, అక్కడి నుంచి దుబాయికి, రెండు విమానాల్లోనూ సీటు ఖాయమైంది.

మద్రాసు విమానాశ్రయంలో జరిగింది పీరా గారు తర్వాత చెప్పాడు. దుబాయి వీసాతో కొలంబో ఎందుకు వెళుతున్నావని అధికారి ఆపి, ఆమె పాస్‌పోర్టు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడట. విమానం ఎక్కమని మైకులో పిలుపులు వస్తున్నాయి. ఈయన అద్దాల తలుపుకు ఇవతల నిలబడి లోపలికే చూస్తున్నాడు. చివరి పిలుపయ్యాక అధికారి వచ్చి, టెలిగ్రాం మరోసారి చదివి, స్టాంపు వేశాడు.

ఇక్కడ నేను టెలెక్స్ చప్పుడైనప్పుడల్లా లేచి పరుగెత్తాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె దుబాయి చేరిందని వచ్చింది. కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

కొన్ని వారాలకు మామాకోడళ్లు మళ్లీ నా దగ్గరికి వచ్చారు. మస్తాన్ దక్కలేదు.

"నేను పోయిన రోజు మాట్లాడాడండీ. పిల్లలిద్దర్నీ పేరుపేరునా అడిగాడు. తెల్లారి మాట పడిపోయింది" అంది మీరాబి. మళ్లీ తనే, "బొంబాయిలో విమానం ఆగింది. నా పక్క సీటు దుబాయి దాకా ఖాళీగానే వచ్చింది. బొంబాయిలో ఎక్కి దాంట్లో కూర్చుంటే ఎవురికి నష్టమండీ?" అంది.

నేను ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ విధానం తప్పని ఇప్పటికీ అనను. మన విమానాలు మనకుండాలి. కానీ ఆ రోజు నుంచీ సీటు లేదని ఎవరు చెప్పినా, నిజంగా సీటే లేదా, లేక ఎక్కించే హక్కు లేదా అని గుచ్చి గుచ్చి అడుగుతూ వచ్చాను. హక్కు లేదంటే, ఆ విమానం బయల్దేరే ఊరికి దారి వెతికేదాకా ఎదుటి మనిషిని పొమ్మనలేదు. ఒక్క రోజు ఆలస్యమైతే మీరాబికి ఆ మాటలు కూడా దక్కేవి కావు.