నాన్న పోలిక రాని చేప

శ్రీకాకుళం కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడం మా యాసను క్లాసులో కూడా దాచుకునేవారు కాదు. చేపలున్న గాజుసీసాను కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, "ముందు సూడండర్రా, పేరు తర్వాత సెప్తాను" అనేవారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఒకరోజు మోలీ చేపలు తెచ్చారు. పొట్ట కింద రెక్క విసనకర్రలా విచ్చుకుంటే ఆడది, పుల్లలా సన్నబడితే మగది అని గుర్తుపట్టడం నేర్పారు. మెక్సికో వైపు వాగుల్లో వీటి బంధువు ఒకటుందనీ, ఆ జాతిలో అన్నీ ఆడవేననీ చెప్పారు. వేరే జాతి మగచేప జతకడితేనే గుడ్డు ఎదుగుతుందట, కానీ పిల్లలకు దాని పోలిక రాదట.

"ఏటీ రాదా మేడం?" అన్నాను.

"రాదమ్మా. అచ్చం అమ్మే."

"నేనూ అలాగ పుట్టుంటే బాగున్ను."

నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయాడని క్లాసులో అందరికీ తెలుసు. నా నవ్వు ఆయనదే. నేను నవ్వినప్పుడల్లా అమ్మ మొహం తిప్పుకునేది.

మేడం వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు.

"ఆ సేపలు వెయ్యున్నా పోలిక ఒకటేనే. నీ నవ్వు మీ నాన్నది, కళ్లు మీ అమ్మవి. రెండూ కలిసిన మొహం నీకొక్కదానికే ఉన్నాది. దాన్ని వద్దంతావేటి?"

మరుసటి ఏడాది ఆవిడ సాలూరు బదిలీ అయి వెళ్లిపోయారు. మేడం ఆ మాట అన్న రోజు సాయంత్రం మాత్రం, చేపలమ్మి వచ్చిన అమ్మకు ఎదురెళ్లి నవ్వాను. అమ్మ మొహం తిప్పబోయి ఆగింది.

"ఏటే, ఆకలేస్తందా?" అంటూ నా చెంప నిమిరింది.