తెరమీది టీచరమ్మ

మా బడి మీటింగుల్లో ఎవరు నోరు విప్పితే ఆ పని వాళ్ల నెత్తినే పడుతుంది. అందుకే అందరం బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటాం. ఇకమీద క్లాసుల్లో రికార్డు చేసిన పాఠాలే వేస్తామని ప్రిన్సిపాల్ అన్నప్పుడు, లెక్కల టీచరమ్మ మాత్రం ఉండబట్టలేక, "పిల్లల మొహాలు చూడకుండా తెరమీద పాఠాలేంటండీ?" అని అడిగేసింది. అంతే, కొత్త పద్ధతికి ఆవిడే ఇన్‌చార్జి! పాఠాలన్నీ ఆవిడ చేతే రికార్డు చేయించారు. మధ్యలో ఎవరూ ఆపకూడదన్న రూలూ ఆవిడ చేతే రాయించారు.

ఇప్పుడు క్లాసులో ఓ మూల కూర్చుని తన పాఠం తనే వింటోంది. నిన్న తెరమీది టీచరమ్మ "అర్థమైందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సాగిపోయింది.

"కాలేదు టీచర్," అంది వెనక బెంచీ పిల్ల, తెరకేసి చెయ్యెత్తి.

మూలనున్న టీచరమ్మ సగం లేచింది. కిటికీలో ప్రిన్సిపాల్ తల కనిపించింది.

"ష్! టీచర్ చెబుతున్నారు, వినమ్మా," అని మళ్లీ కూర్చుంది.