ముట్టని కాపీలు

లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దమనిషికి లోకంలో ఏదీ తిన్నగా ఉందన్న నమ్మకం లేదు. వృత్తి అలాంటిది లెండి. మేడమీద మోటారు గదిలో నిలబడి కీచుమన్న ప్రతి చప్పుడూ వినేవాడు, ఎక్కడో ఏదో అరిగే ఉంటుందనుకుంటాడు. ఇంట్లోనూ అదే వరస. పాలు విరిగితే పాలవాడి మీద అనుమానం, గడియారం వెనకబడితే బ్యాటరీ అమ్మిన కొట్టువాడి మీద అనుమానం.

అలాంటివాడు ఒక్కచోట మాత్రం గుడ్డిగా మనసు పారేసుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్లో పోస్ట్-పంక్ అనే రకం రాక్ సంగీతం వాయించే ఒక ఇంగ్లీషు బ్యాండు విన్నాడు. నలుగురే మనుషులు. మామూలు గిటారు వెనక్కి తగ్గి, గుమ్మని మోగే బేస్ గిటారు ముందు నడుస్తుంది, పాడేవాడు ఎవరి మీదో ఫిర్యాదు చదువుతున్నట్టు పాడతాడు. రెండు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. పాటలు గుప్పెడే గానీ వాళ్ల మీద పుస్తకాలు మాత్రం పుట్టలు పుట్టలుగా వస్తూనే ఉన్నాయి. మేనేజరు రాసింది, ఫొటోలు తీసినావిడ రాసింది, చివరికి వ్యాను తోలినవాడు రాసింది కూడా. ఈయన ఒక్కటీ వదల్లేదు. పైగా ప్రతిదీ రెండేసి కొంటాడు. ఒకటి చదవడానికి, ఇంకోటి ప్లాస్టిక్ కవరు విప్పకుండా దాచడానికి. డ్రమ్మరు రాసిన పుస్తకం మాత్రం ఒక్క కాపీయే దొరికింది. ఒక్కటే ఉంటే అది దాచాల్సిందేనని తీర్మానించి, ప్రాణం కొట్టుకుంటున్నా చదవకుండా బీరువాలో పెట్టాడు. ఇదేం పిచ్చండీ అంటే, పట్టినవాళ్లకే తెలియాలి.

ఒక ఆదివారం బీరువా తుడుస్తుంటే ఒక కవరు చేతికి తేడాగా తగిలింది. కొన్నప్పుడు అంచు మడిచి బిళ్ల అంటించి ఉండేది. ఇప్పుడు సన్నటి గీతలా వేడితో అతికించి ఉంది. పక్కవి తీసి చూశాడు. చాలావరకు అంతే. ఎవరో అసలువి అమ్మేసి, వాడేసిన పాతవి కవర్లలో పెట్టారనుకున్నాడు.

ముందు బావమరిది మీద పడ్డాడు. వాడు ఎప్పుడో మాటవరసకు, ఇవి ఇప్పుడు ఎంత పలుకుతాయి బావా అన్నాడట. చాలదూ? భోంచేసి వెళ్తున్నవాణ్ణి గుమ్మంలో ఆపి, సంచి ఒకసారి విప్పమన్నాడు. సంచిలో గొడుగుంది, ఊళ్లో ఉన్న చిన్న చెల్లికని కొన్న చెప్పుల జతుంది. నోట్లో నాలుక లేని మనిషి, సంచి మూసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తర్వాతి వారం డ్రమ్మరు పుస్తకమే మాయమైంది. అప్పుడు తట్టింది ఈయనకు. వేడితో కవర్లు అతికించే మిషను ఎవరి చేతికింద ఉంది? మందుల ఫ్యాక్టరీ ప్యాకింగులో పనిచేసే తన భార్య చేతికింద. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన పడతానని మధ్యాహ్నం నేరుగా ఆమె క్యాంటీనుకే వెళ్లాడు.

ఆమె మూల బల్ల మీద కాగితం పరిచి, దాని మీద ఆ పుస్తకం పెట్టుకుని, వేలితో వరస పట్టుకుంటూ ఆఖరి పేజీ చదువుతోంది. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఫోనులో అర్థం వెతుక్కుంటోంది. అది కళ్లారా చూసి కూడా, తోటి పనివాళ్లందరి ముందూ అడిగేశాడు.

"మిగతావి ఎవరికి అమ్మావు?"

ఆమె పుస్తకం మూసింది.

"మీరు చదివేవాటి నిండా పెన్సిలు గుర్తులు. ముట్టుకుంటే చెరిగిపోతాయని భయం. ఇవి ఎవరూ చదవరు కదా, ఎవరికీ అడ్డం కాదనుకున్నా" అంది. "ఇంటికొస్తే గ్యాసు, నీళ్లు తప్ప నాతో మాటే ఉండదు మీకు. వీళ్ల గురించైతే దారినపోయేవాడితో కూడా గంటలు మాట్లాడతారు. నాకూ నాలుగు ముక్కలు తెలిస్తే నాతోనూ మాట్లాడతారేమోనని."

లేచి వెళ్లి, పుస్తకానికి కొత్త కవరు తొడిగి, మిషను మీద చక్కగా అతికించి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం బావమరిదికి ఫోను చేశాడు. వాడు ఎత్తలేదు. ఆమె మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆయన వచ్చి పక్కన కూర్చుని, తప్పయిందని రెండుసార్లు అన్నాడు. ఎన్నేళ్లుగానో విప్పనివ్వని ఆ పుస్తకం కవరును తన చేత్తోనే చించి, ఎంతవరకు వచ్చావని అడిగాడు. అయిపోయిందంది.

పుస్తకం ఒళ్లోనే ఉంది, కావాలంటే చదువుకోవచ్చు. కానీ ఆమె చెబితే వినాలనిపించింది ఆయనకు. జీవితంలో దేనికీ అంత ఆశపడి ఉండడు.

"ఇంతకీ ఎందుకు విడిపోయారట?"

ఆమె తువ్వాలు అంచులు కలిపి మడిచింది.

"అమ్మేశాగా. కొన్నవాళ్లని అడగండి."