దంతపు ఏనుగుకు దాహం

నా చిన్నప్పుడు, ఫలక్‌నుమాలో మా పక్కింట్లో ఒక ముసలి చాచా ఉండేవాడు. బర్రె కొమ్ముతో దువ్వెనలు చేసేవాడు. వాళ్ల తాతముత్తాతలు మాత్రం నవాబుల ఇళ్లకు ఏనుగు దంతంతో చిట్టి బొమ్మలు చెక్కినవాళ్లు. వాటిలో మిగిలింది ఒక్కటే, అద్దాల అలమారలోని బొటనవేలంత ఏనుగు. దాని మీద అంబారీ, అంబారీలో మనిషి, ఆ మనిషికి మీసాలు కూడానూ! ఎంతసేపు చూసినా నాకు తనివి తీరేది కాదు.

మా బర్రెల పాలు ఇవ్వడానికి రోజూ నేనే వెళ్లేదాన్ని. ఒక ఎండాకాలం చాచా నాకో పని అప్పజెప్పాడు. "దీనికి మస్తు దాహమైతది బేటా. అలమారల గీ గిన్నె ఉంది సూడు, దాంట్ల రోజూ నీళ్లు పొయ్యి," అన్నాడు. పోసేదాన్ని. మర్నాటికి నీళ్లు తగ్గేవి. ఏనుగు తాగుతోందని నా సంబరం ఇంతా అంతా కాదు.

వానలు పడ్డాక నీళ్లు తగ్గడం మానేశాయి. నా ప్రాణం ఉసూరుమంది. ఏనుగు చచ్చిపోతుందేమోనని ఏడుస్తూ చాచా దగ్గరికి పరుగెత్తాను.

"ఫికర్ చెయ్యకు. ఎండలకు దంతం పగుల్తదని నీళ్లు పెట్టిపిచ్చిన. ఇప్పుడు గాలిలనే తడి ఉంది, అదే తాగుతది," అన్నాడు.

అంటే తాగుతుందా, తాగదా? నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"దంతమంటే ఏంది చాచా?"

"పన్ను. ఏనుగు పన్ను."

నాకప్పుడే ముందు పన్ను ఊడింది. నాలుకతో ఆ సందు తడుముకుంటూ, "దానికి మళ్లొస్తదా?" అన్నాను.

దువ్వెన పళ్లను నున్నగా రాస్తున్న చాచా ఆకురాయి ఆగింది. "రాదు."

"మరి దాన్ని అడిగే తీసుకున్నరా?"

చాచా దువ్వెన పక్కన పెట్టి, అలమారలోని ఏనుగు వైపు చూశాడు. బతికున్న ఏనుగు తన పన్ను ఇవ్వదు కదా, దాన్ని చంపి ఏనుగు బొమ్మ చేశారని నాకు మెల్లగా తెలిసొచ్చింది. ఆ బొమ్మను ముద్దుచేయాలో, దాని కోసం ఏడవాలో తోచక అలాగే నిలబడ్డాను.

"గీ మాట మా ఇంట్ల ఎవ్వరడగలే బేటా. నువ్వడిగినవ్," అన్నాడు చివరికి. మెచ్చుకున్నాడో, నొచ్చుకున్నాడో నాకిప్పటికీ తెలియదు.

ముసలిదాన్నయ్యాను. అందమైన వస్తువు ఏది చూసినా "అబ్బ!" అనేలోపే, "ఇది ఎవర్ని అడిగి తీసుకున్నారు?" అని నోరు అడిగేస్తుంది. చాదస్తమని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. చాచా నాకు జవాబు చెప్పలేదు, నిజమే. అడగొద్దని కూడా చెప్పలేదు.