అక్క తొక్కే బ్రేకు

పోయిన శనివారం మా అమ్మాయి కారు నడుపుతుంటే నేను పక్కసీట్లో కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ స్థిమితమెక్కడ? ఎగువ అహోబిలం నుంచి దిగుతుండగా ఒక మలుపు రాగానే నా కుడికాలు దానంతటదే కింద పరిచిన రబ్బరు పట్టాను గట్టిగా తొక్కింది. వెనక సీట్లోంచి మా అక్క కిసుక్కున నవ్వింది. "ఆడ బ్రేకు యాడుండాదిరా?" అంది. ఆ మాట అడిగే హక్కు లోకంలో ఎవరికున్నా ఆమెకు మాత్రం లేదు. లేని బ్రేకును తొక్కడం నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే.

అక్కది ఆళ్లగడ్డ. బావ అక్కడి నుంచి అహోబిలానికి యాత్రికుల జీపు నడిపేవాడు. రోజూ పొద్దున బానెట్ ఎత్తి, బ్రేకు నూనె పోసే చిన్న డబ్బా మూత తిప్పి, "దీంట్లో తక్కువ కాకూడదు చూడు, మన పానాలన్నీ దీంట్లోనే ఉండాయి" అని అక్కకు చూపించేవాడట. ఒకరోజు ఆ మలుపులోనే బ్రేకు పట్టలేదు. బావ జీపును లోయవైపు పోనీయకుండా కొండకు కొట్టాడు. ఎక్కినవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు, బావ దక్కలేదు. అప్పటి నుంచి అక్క ఏ బండెక్కినా కాలు నేలకు తొక్కిపెట్టే కూర్చుంటుంది. నేను నంద్యాలలో కారు కొన్నప్పుడు ఒకే షరతు పెట్టింది: శనివారం శనివారం తనను తీసుకుని స్వామి దగ్గరికి పోవాలి. ఆమె చేతుల్లో పెరిగినవాణ్ణి, కాదనే దమ్ము నాకెక్కడిది?

రెండు మూడు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక శనివారం కొండ దిగుతుంటే బ్రేకు మెత్తబడింది. తడిబట్టల మూట మీద కాలు పెట్టినట్టు పెడలు లోపలికి దిగిపోయింది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే గానీ పట్టలేదు. పక్కన అక్క! ఆమెకు తెలియకుండా గేరు తగ్గించుకుంటూ దిగాను. నంద్యాల చేరేసరికి పెడలు రాయిలా గట్టిగా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

కారు బాగుచేసే మా మేస్త్రీ తొక్కి చూసి, "ఈడ బాగానే ఉండాది కదన్నా" అన్నాడు. కొండ మీద మెత్తబడిందంటే, గొట్టాల్లో గాలి చేరిందేమోనని నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "తొక్కు... పట్టుకో... ఇంగ వదులు" అంటూ నాలుగు చక్రాల దగ్గరా గాలి తీశాడు. పై శనివారం కొండ దిగుతుంటే మళ్ళీ అదే మెత్తదనం. ఈసారి లోపలి రబ్బర్లన్నీ మార్చాడు. మళ్ళీ అదే. నాకు అన్నం సహించలేదు. ఆఫీసు వదలగానే పాణ్యం దాకా పోయి దారంతా బ్రేకులు కొట్టి చూసేవాణ్ణి. సాపు దారిలో దానికి ఏ రోగమూ లేదు. శనివారం దగ్గర పడేకొద్దీ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఏదో ఒక సాకు చెప్పి మానేద్దామా అంటే, అక్క బస్సులోనైనా పోతుంది.

మూడోసారి మేస్త్రీకీ పట్టుదల వచ్చింది. నూనె డబ్బా మూత తీసి, లోపలి జల్లెడ పైకి లాగి, అలాగే ఉండిపోయాడు. దాని అడుగున ఆకు ముక్క అంటుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. "పచ్చకర్పూరం వాసనన్నా. ఇది తులసాకు" అన్నాడు. ఆ ఆకును కింద పారేయలేదు. "దేవునిది" అంటూ కాగితంలో పెట్టి నా చేతికిచ్చాడు. తర్వాత విషయం విడమరిచాడు. నూనెలో నీళ్ళు కలిశాయి. దిగుడులో బ్రేకులు కాలిపోతాయి, ఆ వేడికి నీళ్ళు ఆవిరవుతాయి, పెడలు మెత్తబడుతుంది. చల్లారితే మామూలే. "నీళ్ళు పోసిందెవురు?" అన్నాడు.

అది నాకు అప్పటికే తెలిసిపోయింది. కొండ మీద బానెట్ ఎత్తి ఇంజను చల్లారబెట్టి నేను టీ తాగడానికి పోతే, అక్క తీర్థం చెంబుతో బండి దగ్గరే ఉండేది.

మేస్త్రీ పాతదంతా కక్కించి కొత్త నూనె పోశాడు. ఆ సాయంత్రమే ఆళ్లగడ్డ పోయాను. చెప్పకపోతే మళ్ళీ పోస్తుంది, చెబితే కుమిలిపోతుంది. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "ఏందప్పా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతాండావ్?" అని ఆమే అడిగింది.

"ఆ డబ్బాలో నీళ్ళు పడకూడదంటక్కా" అన్నాను, అంతే.

ఆమె చేస్తున్న పని ఆపేసింది. "తగ్గినాది కదాని పోస్తి. స్వామి తీర్థం కదా... అంటే మీ బావ పోయిన తావులోనే నిన్ను గూడా నేనే..." అంటూ ఏడ్చేసింది. అక్క ఏడవడం బావ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను. నాలుగు వారాలు కారెక్కలేదు, కొండకూ రాలేదు.

ఐదో శనివారం, మూత తీయని బ్రేకు నూనె సీసా ఒకటి కొని ఆమె చేతిలో పెట్టాను. "ఇది స్వామి ముందర పెట్టి ఇయ్యి. తగ్గినప్పుడు నువ్వే పోద్దువు" అన్నాను. పూజారి గారు ఆ సీసాను ఎగాదిగా చూశారు గానీ, పువ్వు పెట్టి ఇచ్చారు. ఆ అలవాటు ఇప్పటికీ సాగుతోంది.

పోయిన శనివారం అక్క నవ్వినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె కాలు కూడా నా సీటు కింద రేకును తొక్కిపెట్టే ఉంది. బండ్లు మారాయి, నడిపేవాళ్ళూ మారారు. ఆ మలుపు వస్తే చాలు, మేమిద్దరం ఎన్నో ఏళ్ళ కిందటి ఆ ఒక్క రోజును ఆపాలని ఇంకా తొక్కుతూనే ఉన్నాం.