షెఫీకా అక్క పెన్సిల్

పోస్టాఫీసులో పదహారేళ్లు షెఫీకా అక్క పక్క బల్ల నాది. అంతటి మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. చూడాలని మాత్రం ఉంది.

మా ఊరు రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది, నడుమ లిపోవా నది. రాజ్యం మారినప్పుడల్లా వీధుల పేర్లూ మారాయి. ఒక్కో వీధికి మూడేసి పేర్లు అక్కకి నోటికొచ్చు. ఏ పేరుతో ఉత్తరం వచ్చినా గడపకి చేర్చేది. పేచీ ఒక్క పేరు దగ్గరే. ఏటి పక్క పల్లంలోని పేటని తాతల నాటి నుంచి అడా అంటాం. అడా అంటే లంక. ఒకప్పుడు నది దాన్ని రెండు పాయలుగా చుట్టి పారేదట. వెనక పాయని ఎప్పుడో పూడ్చేశారు. స్థలాలు అమ్ముకోవడానికి మునిసిపాలిటీ పెద్దలు దానికి గులాబీల వీధి అని పేరు పెట్టారు. చూద్దామంటే ఒక్క గులాబీ మొక్క లేదు!

ప్రతి ఉత్తరం మీదా ఆ కొత్త పేరు కింద అక్క పెన్సిల్‌తో 'అడా' అని రాసేది. మెమో ఇచ్చారు. అయినా రాసేది. ఆమె ఇల్లూ ఆ పేట చివరే.

"అక్కా, మన లంకకి పడవ ఎన్నింటికి?" అని రోజూ ఏడిపించేవాడు బేకరీ నెదెల్కో.

"నది నీలా మతిమరుపుది కాదురా," అనేది అక్క.

ఒక మే నెలలో మూడు రోజులు వాన ఆగలేదు. నాలుగో పొద్దున అక్క సంచి వేసుకుని అడాకి వెళ్లింది. నది ఇంకా గట్టు దాటలేదు. కానీ ఇళ్ల వెనక, పూడ్చిన పాయ ఉన్నచోట, గడ్డిలోంచి నీళ్లు ఊరుతున్నాయి. ఆ రోజు ఆమె ఒక్క ఉత్తరం కూడా ఇవ్వలేదు.

"ఏంటక్కా, నాకేం రాలేదా?" అన్నాడు నెదెల్కో, చేతినిండా పిండితో.

"ఇవాళ ఉత్తరానివి నువ్వేరా. నిన్ను బడి గుట్ట మీదికి బట్వాడా చెయ్యాలి. మీ అమ్మని ఎత్తుకో, నడు!"

"రొట్టెలు బట్టీలో ఉన్నాయక్కా..."

"మాడనీ!"

ఆ గొంతు విని వాడు అమ్మని ఎత్తుకుని కదిలాడు. అక్క తిట్టి, బతిమాలి, ఒక ముసలాయన్ని చెయ్యి పట్టి లాగి, పదమూడు ఇళ్లవాళ్లనీ గుట్ట ఎక్కించింది. పద్నాలుగో ఇల్లు తనది. అక్కడికి వెళ్లే టైం చిక్కలేదు.

మధ్యాహ్నానికి వెనక పాయ తెరుచుకుంది. పేట నిజంగానే లంకయింది. సంగతి తెలిసి నేనూ గుట్ట ఎక్కాను; చివరి ఇల్లు, అక్కది, మా కళ్లముందే కూలింది. పోయిన భర్త వాయించిన అకార్డియన్ అందులోనే ఉంది.

"రొట్టెలు మాడాయో, నానాయో," అంది అక్క. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత అక్క మా ఇంటి పై వాటాలో ఉంది. ఆకులు రాలే రోజుల్లో ఒక కవరు వచ్చింది. ఆమె పేరు, కింద పెన్సిల్‌తో ఒక్క మాట: అడా. వీధీ లేదు, నంబరూ లేదు.

"ఈ అడ్రసులో ఇల్లే లేదు, వెనక్కి పంపాలి," అంటూనే అంచు చింపి తెరిచింది. లోపల నెదెల్కో రాత.

"అక్కా, మేమూ మతిమరుపువాళ్లం కాదు. బడి గుట్ట మీద పదమూడు ఇళ్లవాళ్లం కలిసి నీ ఇంటికి పునాది తవ్వుతున్నాం. వాకిలి ఎటు కావాలో వచ్చి చెప్పు."

అక్క కళ్లు తుడుచుకుని, పెన్సిల్ తీసి, ఆ కవరు మీద 'అందింది' అని రాసింది.